‘సమజైంది మేడమ్’ అన్న పాఠం పదిహేను రోజులకు ఎటు పోతుంది?

ప్రశ్న: దేవరకొండ దిక్కు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ అడిగారు. "ఎనిమిదో తరగతి. పాఠం చెప్తున్నప్పుడు అందరూ ‘సమజైంది మేడమ్’ అంటారు. అప్పటికప్పుడు బోర్డు మీద చేయమంటే చేస్తారు కూడా. పదిహేను రోజులకు స్లిప్ టెస్ట్ పెడితే సగం మందికి మొదటి లైనే రాదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తున్నది, సిలబస్ వెనకబడుతున్నది. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని పిల్లల్ని వేరు చేసి చెప్పమని ఒక ట్రైనింగులో అన్నారు. అది చేయాలా? దీని మీద పరిశోధనలు ఏమంటున్నాయి? పీరియడ్‌లో నేను ఏం మార్చాలి?"

సమాధానం:

మేడమ్, మీ పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. ఆ క్షణాన వాళ్లకు నిజంగానే సమజవుతుంది. కానీ మీరు చెప్తుంటే అందుకోవడం ఒకటి, పదిహేను రోజుల తర్వాత ఎవరూ అందించకుండా తనంతట తాను బయటికి తీయడం ఇంకొకటి. పీరియడంతా మొదటి దానికే ఖర్చు పెట్టి, పరీక్షలో రెండో దాన్ని అడుగుతున్నాం. ఆ రెండో దానికి సాధన ఎక్కడా జరగలేదు. కాబట్టి మీరు మార్చాల్సింది ముఖ్యంగా ఒక్కటే: చెప్పే సమయంలోంచి రోజూ ఎనిమిది, పది నిమిషాలు తీసి, పాత పాఠాన్ని గుర్తు తెచ్చుకునే పనికి ఇవ్వండి. మళ్లీ చెప్పడానికి కాదు, పిల్లలు గుర్తు తెచ్చుకోవడానికి.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం మీ క్లాసుకు సరిగ్గా వర్తిస్తుంది. ఒక పాఠ్యభాగాన్ని వాళ్లతో రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠ్యభాగాన్ని ఒకసారి చదివించి, రెండోసారి కాగితం తీసేసుకుని గుర్తున్నదంతా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే మెరుగ్గా వచ్చింది: దానిలో 81 శాతం, రాసినదానిలో 75 శాతం. రెండు రోజులకు లెక్క తిరగబడింది: చదివింది 54, రాసింది 68. వారం తర్వాత 42, 56. ఐదు నిమిషాల ఫలితం దగ్గరే ఆగిపోతే మళ్లీ మళ్లీ చదివించడమే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. పీరియడ్ చివర మనం అడిగే ‘సమజైందా?’ ఆ ఐదు నిమిషాల పరీక్ష లాంటిదే. అందుకే అది మనల్ని మోసం చేస్తుంది.

ఇక చేయాల్సిన పని. మీరు క్లాసులో అడుగు పెట్టిన నిమిషంలోపు బోర్డు మీద నాలుగు ప్రశ్నలు ఉండాలి. ఒకటి నిన్నటి పాఠం నుంచి, ఒకటి పోయిన వారం నుంచి, ఒకటి పోయిన నెల నుంచి. నాలుగోది కింది తరగతి పునాది: తీసివేత, భాగహారం, భిన్నాలు, దశాంశాలు, వీటిలో ఏదో ఒకటి. ప్రతి పిల్లవాడూ పలక మీదనో రఫ్ నోట్‌బుక్ వెనక పేజీలోనో రాయాలి. నాలుగు నిమిషాలు. పుస్తకం తెరవొద్దు, పక్కవాణ్ని అడగొద్దు. ఆ నాలుగు నిమిషాలు మీరు కుర్చీలో కూర్చోకుండా వరుసల మధ్య తిరగండి. రోజుకు ఐదారుగురి పనైనా దగ్గర నుంచి చూడండి, రేపు ఇంకో ఐదారుగురిది. తర్వాతి నాలుగైదు నిమిషాల్లో జవాబులు బోర్డు మీద చేయండి. పిల్లలు వేరే రంగు పెన్నుతో తమది తామే దిద్దుకుంటారు.

ఇది చెడిపోయే దారులు నాలుగైదు ఉన్నాయి. మొదటిది, చేయెత్తినవాళ్లనే అడగడం. అప్పుడు గుర్తు తెచ్చుకునే శ్రమ ముందు బెంచీలోని ఐదుగురిది, మిగతా ముప్పై మంది ప్రేక్షకులు. రాత పని పెట్టమనేది ఇందుకే. రెండోది, మార్కులు వేయడం. మార్కు ఉందంటే చూచిరాత మొదలవుతుంది, మీరు చూసేది పిల్లవాడి జ్ఞాపకం కాదు, పక్కవాడి జవాబు. రిజిస్టర్లో ఎక్కించకండి. మూడోది, జవాబు చెప్పకుండా పాఠంలోకి వెళ్లిపోవడం. తప్పు రాసి దిద్దుకోని పిల్లవాడికి ఆ తప్పే గట్టిపడుతుంది. నాలుగోది, ప్రశ్నలు మరీ కష్టంగా ఉండటం. నాలుగింటిలో రెండు, మూడు చాలామందికి వచ్చేలా ఉండాలి. రోజూ నాలుగూ తప్పుతుంటే పిల్లలు వారంలోపే చేతులెత్తేస్తారు. చివరిది, ‘రేపు ఫలానాది అడుగుతా’ అని చెప్పడం. వాళ్లు రాత్రి చూసుకొచ్చింది పొద్దున ఒప్పజెప్తారు, పోయిన నెల పాఠం ఎంత నిలిచిందో మీకు తెలియదు.

మొదటి పది రోజులు ఫలితం చూసి దిగులు పడకండి. మరుపు మొదలైన తర్వాత గుర్తు తెచ్చుకోవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టమే జ్ఞాపకాన్ని బలపరుస్తుంది. అలవోకగా వచ్చేదాన్ని మళ్లీ మళ్లీ అడిగితే పెద్ద లాభం లేదు.

ఎన్ని రోజులకొకసారి అడగాలి? జర్మనీలో ఎబింగ్‌హాస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాల నాటి నుంచి మధ్యలో రోజులు వదిలి ఎడమిచ్చిన సాధన ఒకేసారి చేసిన సాధన కన్నా నిలుస్తుందని తెలుసు. ఎంత ఎడం అన్నది 2008లో సెపెడా బృందం 1,350 మందికి పైగా మనుషులతో చూసింది. వారం తర్వాత పరీక్ష ఉంటే ఆ గడువులో 20 నుంచి 40 శాతం ఎడం ఇవ్వడం మేలు, అంటే రెండు రోజులు అటూ ఇటూ. ఏడాది తర్వాత కావాలంటే 5 నుంచి 10 శాతం, అంటే సుమారు మూడు నుంచి ఐదు వారాలు. జులైలో చెప్పిన పాఠం మార్చి దాకా నిలవాలంటే మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత నెలకొకసారి తగిలితే చాలు. పై నాలుగు ప్రశ్నల పద్ధతిలో ఈ ఎడం దానంతట అదే వస్తుంది. మీ లెసన్ ప్లాన్ పుస్తకం చివర ఒక పేజీలో అధ్యాయాల పేర్లు నిలువుగా, నెలలు అడ్డంగా గీసుకుని, అడిగినప్పుడల్లా గడిలో టిక్ పెట్టుకోండి. నెలగా టిక్ లేని అధ్యాయం కంటికి వెంటనే కనిపిస్తుంది.

మన జిల్లాల్లో దీనికి ఇంకో ప్రయోజనం ఉంది. అక్టోబర్ నుంచి పత్తి ఏరడానికి పోయే పిల్లలు వారాల తరబడి బడికి రారు. పాలమూరు దిక్కు అమ్మానాన్నలు వలస పోతే పిల్లలూ వెంట పోతారు. ఒక అధ్యాయం ఒకేసారి చెప్పి మూసేస్తే, ఆ వారం లేనివాడికి అది ఎప్పటికీ లేనట్టే. అదే అధ్యాయం నెలకొకసారి ఒక ప్రశ్నగా, రెండు నిమిషాల వివరణగా తిరిగి వస్తుంటే అతనికి లోపలికి రావడానికి ఒక తలుపు తెరిచి ఉంటుంది. అది పూర్తి పాఠానికి సమానం కాదు, నిజమే. కానీ ఏమీ లేకపోవడం కన్నా చాలా మేలు.

ఇప్పుడు అభ్యాసాల సంగతి. పాఠ్యపుస్తకంలో ఒక అభ్యాసం కింద పది లెక్కలూ ఒకే రకం ఉంటాయి. చుట్టుకొలత అభ్యాసంలో పదీ చుట్టుకొలతలే. పిల్లవాడు ప్రశ్న చదవకుండానే సూత్రంలో సంఖ్యలు పెట్టేస్తాడు, పదికి పది వస్తాయి. పరీక్షలో పైన శీర్షిక ఉండదు కాబట్టి ఏ సూత్రం వాడాలో తెలియదు. 2007లో రోరర్, టేలర్ ఘనపరిమాణాల లెక్కలతో దీన్ని కొలిచారు. ఒకే రకం లెక్కలు వరుసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగా చేశారు, రకాలు కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో మొదటివాళ్లకు 20 శాతం, రెండోవాళ్లకు 63. సాధనలో బాగా కనిపించిన పద్ధతే పరీక్షలో కూలిపోయింది.

కొత్త విషయం చెప్పిన రోజు ఒకే రకం మూడు, నాలుగు లెక్కలు చేయించండి, అది అవసరం. ఆ తర్వాత హోంవర్కులో కలపండి. ఒక చేను తీసుకోండి: పొడవు 110 గజాలు, వెడల్పు 66 గజాలు. చుట్టూ మూడు వరుసల తీగ వేయడానికి ఎన్ని గజాల తీగ కావాలి? చేను ఎన్ని గుంటలు? మూడింట ఒక వంతులో కంది వేస్తే మిగిలింది ఎన్ని గుంటలు? గుంటకు 121 చదరపు గజాలు, ఎకరానికి 40 గుంటలు అన్నది మీ పిల్లల్లో చాలామందికి ఇంట్లోనే తెలుసు. ఈ చేను సరిగ్గా 60 గుంటలు, ఎకరంన్నర. ఒకే చేను మీద మూడు రకాల ప్రశ్నలు కాబట్టి ప్రతిసారీ ‘ఇక్కడ అడిగింది ఏమిటి’ అని ఆగక తప్పదు. ఆ ఆగడమే మనకు కావాల్సింది.

నాలుగో ప్రశ్న గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎనిమిదో తరగతి లెక్క ఆగిపోయేది చాలాసార్లు నాలుగో తరగతి లెక్క దగ్గర. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, ఇవాళ 567 ఉంటే ఇంకా ఎన్ని అడుగులు నిండాలి అని అడిగి చూడండి. 23 అని రాయాల్సిన చోట 37 అని రాసేవాళ్లు తప్పకుండా కొందరు ఉంటారు. సున్నాలోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి సున్నా తీసేశారు. ఇది అజాగ్రత్త కాదు. పిల్లవాడు ప్రతిసారీ పాటించే ఒక తప్పుడు నియమం. బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే తీసివేతలో పిల్లల తప్పులు ఇలా నియమబద్ధంగా ఉంటాయని, జవాబును బట్టి నియమాన్ని పట్టుకోవచ్చని చూపించారు.

502 లోంచి 267 తీసేయమనండి. సరైన జవాబు 235. వచ్చే తప్పు జవాబుల్లో మూడింటిని చూడండి. 365 రాస్తే, ఆ పిల్లవాడు పైన ఉన్నదా కింద ఉన్నదా చూడకుండా ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తున్నాడు. అతనికి అప్పు తెచ్చుకోవడమే రాదు. 335 రాస్తే, సున్నాను తొమ్మిది చేయాలని తెలుసు, కానీ వందల దగ్గర ఐదును నాలుగు చేయడం మరిచాడు. 265 రాస్తే, పదుల స్థానాన్ని దాటేసి వందల దగ్గర నుంచి నేరుగా ఒకట్లకు అప్పు తెచ్చాడు, తర్వాత సున్నాలోంచి ఆరు పోక ఆరే రాశాడు. ముగ్గురికీ తప్పే, ముగ్గురికీ ‘మళ్లీ చూసుకో’ అంటాం. కానీ ముగ్గురికీ కావాల్సింది వేరు.

మందు ఒకటే సామగ్రితో చేయొచ్చు. కాగితంతో చేసిన నోట్లు: వంద నోట్లు ఐదు, ఒక్క రూపాయి నోట్లు రెండు. 267 రూపాయలు ఇవ్వాలి. చేతిలో ఒక్క రూపాయలు రెండే ఉన్నాయి, పది నోట్లు అసలు లేవు. వంద నోటు ఒకటి మార్చి పది పదులు తీసుకోవాలి. అందులో ఒక పదిని మళ్లీ పది ఒక్క రూపాయలుగా మార్చాలి. ఇప్పుడు చేతిలో నాలుగు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒక్క రూపాయలు. ఇచ్చేయగా రెండు వందలు, మూడు పదులు, ఐదు మిగిలాయి. సున్నా తొమ్మిది ఎందుకైంది, ఐదు నాలుగు ఎందుకైంది అన్నది పిల్లవాడి చేతుల్లోనే కనిపించింది. 365 రాసినవాడితో మొత్తం చేయించండి. 335 రాసినవాడికి వంద నోటు చేయి మారిన చోట ఆపి, ‘ఇప్పుడు వందలు ఎన్ని?’ అని అడగండి, చాలు. 265 రాసినవాణ్ని వంద నోటుకు నేరుగా పది ఒక్క రూపాయలే ఎలా వచ్చాయో చూపమనండి. నోట్లు పక్కన పెట్టించేటప్పుడు తొందరపడొద్దు: నోట్లు మారుస్తూనే ప్రతి మార్పునూ కాగితం మీద అంకెల్లో రాయించాలి. నోట్ల ఆట ఒక రోజు, రాత లెక్క ఇంకో రోజు అయితే రెంటికీ లంకె పడదు.

తప్పును పట్టుకుని ఊరుకుంటే సరిపోదని చెప్పే పరిశోధన మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో మురళీధరన్, సుందరరామన్ చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరమైన నివేదికలు టీచర్లకు ఇచ్చారు, అప్పుడప్పుడు క్లాసులకు వచ్చి చూశారు. చూడటానికి వచ్చినప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడుతూ కనిపించారు. విడిగా పెట్టిన పరీక్షల్లో మాత్రం ఆ బడుల పిల్లలకు మిగతా బడుల కన్నా ఎక్కువేమీ రాలేదు. బేస్‌లైన్ పరీక్ష, గ్రేడుల పట్టిక, రిపోర్టు అప్‌లోడ్, ఇవన్నీ అయ్యాక మర్నాడు పొద్దున పాఠం మారకపోతే పిల్లవాడికి చేరేది ఏమీ ఉండదు. మరోవైపు వడోదర, ముంబైలలో ప్రథమ్ సంస్థ నడిపిన కార్యక్రమంలో, వెనకబడ్డ పిల్లల్ని రోజుకు రెండు గంటలు పక్కకు తీసి, వాళ్లున్న స్థాయి నుంచే స్థానిక యువతులు చదువు చెప్పారు. బెనర్జీ, కోల్, డ్యూఫ్లో, లిండెన్ 2007లో ప్రచురించిన ఫలితాల్లో అందరికన్నా అడుగున ఉన్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. మన తెలంగాణలో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిపరచడానికి 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే దారిది. హైస్కూల్లో మీకు రోజూ రెండు గంటలు దొరకవు. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు, ఒకే రకం తప్పు చేసే ఆరేడుగురిని ఒక చోట కూర్చోబెట్టడం సాధ్యమే. మిగతావాళ్లకు ఆ సేపు కలిపిన లెక్కలు ఇవ్వండి. గ్రూపు మాత్రం తప్పును బట్టి ఉండాలి, ‘డల్ బ్యాచ్’ అనే పేరుతో ఏడాదంతా నిలబడిపోకూడదు.

కొత్త పాఠం చెప్పేటప్పుడు ఒక మార్పు. ఒక లెక్క పూర్తిగా చేసి చూపించి, వెంటనే అలాంటిదే ఒకటి వాళ్లతో చేయించండి. మళ్లీ ఒకటి చూపించి, ఒకటి చేయించండి. స్వెల్లర్, కూపర్ 1985లో బీజగణితంలో చూసింది ఇదే: కొత్తవాళ్లకు లెక్కలన్నీ సొంతంగా చేయమని వదిలేసే కన్నా, చేసిన లెక్కను పరిశీలించడం తక్కువ సమయంలో ఎక్కువ నేర్పుతుంది. తర్వాత చివరి మెట్టు ఖాళీగా వదిలి పూర్తి చేయమనండి, ఆపైన చివరి రెండు మెట్లు. బాగా వచ్చిన పిల్లలకు ఈ సాయం ఆపేయాలి, వాళ్లకు అది అడ్డం.

ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు చేసిన పరిశీలనల్లో టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్లు విప్పారు. ఇంట్లో గోరు బోలి (లంబాడీ భాష) మాట్లాడే తండా పిల్లలకు, మక్తల్ దిక్కు కన్నడం మాట్లాడేవాళ్లకు ఈ ఆగడం ఇంకా అవసరం. ప్రశ్నను తమ భాషలోకి తెచ్చుకుని, జవాబును తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చాలి. పద సమస్యలైతే ముందు ఇద్దరిద్దరు ఇంటి భాషలో ‘ఏం ఇచ్చారు, ఏం అడిగారు’ మాట్లాడుకోనివ్వండి, తర్వాత అంకెలు.

నోట్స్ కరెక్షన్‌లో మార్కు, వ్యాఖ్య రెండూ రాస్తే పిల్లలు మార్కే చూస్తారు. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ బడుల్లో చూసినదాంట్లో వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు, రెండూ అందుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. బడిలో పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్), ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలకు మార్కులు ఎటూ తప్పవు. మిగతా రోజుల్లో ‘రెండో లైనులో గుర్తు మారింది, మళ్లీ చెయ్’ అని ఒక ముక్క రాసి, మళ్లీ చేయించండి.

సాయంత్రం స్టడీ అవర్‌లో అందరూ గట్టిగా చదువుతుంటే చూడముచ్చటగా ఉంటుంది గానీ ఫలితం తక్కువ. పది నిమిషాలు చదివి, పుస్తకం మూసి ఐదు నిమిషాలు తెల్లకాగితం మీద గుర్తున్నది రాసి, ఐదు నిమిషాలు పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చమనండి. సైన్సు, సోషల్ టీచర్లకు కూడా చెప్పండి. డన్‌లాస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను తూచినప్పుడు అన్నిటికన్నా పైన నిలిచింది తమను తాము పరీక్షించుకోవడం, ఎడమిచ్చి చదవడం. గీతలు గీసుకోవడం, తిరిగి తిరిగి చదవడం అడుగున ఉన్నాయి.

చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అన్న విభజన వదిలేయండి. 2008లో పాష్లర్ బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ వెతికి, అలా వేరు చేసి బోధించాలనడానికి తగిన రుజువు లేదని తేల్చింది. బొమ్మ గీయాల్సిన చోట అందరికీ గీయండి, చెప్పాల్సింది అందరికీ చెప్పండి.

ఇవన్నీ మీ క్లాసులో పనిచేస్తున్నాయో లేదో మీరే కొలుచుకోవాలి. దాదాపు ఒకే కష్టం ఉన్న రెండు అధ్యాయాలు తీసుకోండి. ఒకదానికి పునశ్చరణ మామూలుగా, మళ్లీ చెప్పి చేయండి. ఇంకోదానికి అంతే నిమిషాలు గుర్తు తెచ్చుకునే ప్రశ్నలకు వాడండి. సమయం సమానంగా లేకపోతే ఫలితానికి అర్థం ఉండదు. ఏ, బీ సెక్షన్లు రెండూ మీవే అయితే బీలో అధ్యాయాలను తారుమారు చేయండి, అప్పుడు అధ్యాయం తేలికైనందుకు వచ్చిన తేడా పక్కకు పోతుంది. రెండూ ముగిశాక కనీసం మూడు వారాలు ఆగి, ముందు చెప్పకుండా పది ప్రశ్నలు పెట్టండి, ఒక్కో దాంట్లోంచి ఐదు. ఆ పాఠాల రోజుల్లో రెండింట ఏదో ఒక దానికి రాని పిల్లల పేపర్లు లెక్కలోంచి తీసేయండి. పేపర్లు వేరే టీచర్ దిద్దితే మంచిది, ఏ అధ్యాయం ఏ పద్ధతో వారికి చెప్పకండి. ముప్పై మంది క్లాసులో సగటున అర మార్కు తేడా ఊరికే కూడా వస్తుంది, ఇంకో జత అధ్యాయాలతో మళ్లీ చూడండి. దిద్దేటప్పుడు మార్కుతో పాటు తప్పు ఏ రకమో పక్కన ఒక మాటలో రాసిపెట్టమనండి. తర్వాతి నెల ఎవరెవర్ని ఒక చోట కూర్చోబెట్టాలో ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.